యాడర్ పాముల సర్వే: లెక్క ఎలా తీయాలి, ఆ లెక్క ఎవరి చేతికి చేరాలి

మీరు మూడు విషయాలు అడిగారు. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో హీత్‌ల (పొదలు పెరిగే బీడు నేలల) పక్కన ఉంటున్నారు, వచ్చే వసంతంలో యాడర్ (బ్రిటన్‌లో ఉండే విషపు పాము) సర్వేకి వాలంటీర్‌గా వెళ్లాలనుకుంటున్నారు, దానికి పాములు కిందికి చేరే రేకులు కొని అక్కడక్కడా పరిస్తే సరిపోతుందా అన్నది మొదటిది. పాము కనబడితే ఏం రాసుకోవాలి, ఎలా లెక్కపెట్టాలి అన్నది రెండోది. ఇలా లెక్కపెడితే పాములకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా అన్నది మూడోది. మూడోదానితో మొదలుపెడతాను. మిగతా రెండింటి జవాబులూ దాన్నిబట్టే ఉంటాయి.

ఒరుగుతుంది, అయితే లెక్క ఒక్కదానివల్లే కాదు. యాడర్ ఏటా చలికాలం అదే చోటికి తిరిగొస్తుంది. ఎండ బాగా పడే గట్టు, ఎండిన చెట్టు మొద్దు కింది వేళ్ల సందులు, పాత ఎలుక బొరియలు, రాళ్ల కుప్ప, ఇలాంటివే దాని శీతనిద్ర స్థలాలు. ఒకే గట్టును తరతరాలుగా వాడుకుంటున్న పాములున్నాయి. ఎకరాల కొద్దీ హీత్‌లో ఉన్న పాములన్నీ చలికాలానికి పదిపదిహేను మీటర్ల గట్టులోకి చేరి ఉండొచ్చు. ఆ గట్టు ఎక్కడుందో భూమి చూసుకునేవాళ్లకు తెలియకపోతే పొదలు కొట్టే యంత్రం ఒక్క పూట దానిమీద తిరిగితే చాలు, అక్కడి యాడర్ కథ ముగిసిపోతుంది. అందుకే వాలంటీర్ చేసే అసలు పని ఆ గట్టును కనిపెట్టడం, ఏటా ఒకే పద్ధతిలో అక్కడ లెక్క తీయడం, ఆ సమాచారాన్ని యంత్రం నడిపే మనిషి దాకా చేర్చడం. ఆఖరిది జరక్కపోతే ముందు రెండూ కాగితాలుగా మిగిలిపోతాయి.

బ్రిటన్‌లో యాంఫీబియన్ అండ్ రెప్టైల్ గ్రూప్స్ అనే వాలంటీరు సంఘాల కూటమి ఉంది. అందరూ ఏఆర్‌జీ యూకే అంటారు. దాదాపు ప్రతి కౌంటీకీ ఒక స్థానిక గ్రూప్ ఉంటుంది. వీళ్లు 2005 నుంచి ‘మేక్ ది యాడర్ కౌంట్’ పేరుతో వసంతకాలపు లెక్క నడుపుతున్నారు. 2005 నుంచి 2016 వరకు 260 సైట్లలో వాలంటీర్లు తీసిన లెక్కల్ని కలిపి 2019లో హెర్పెటొలాజికల్ జర్నల్‌లో ప్రచురించారు. చిన్న సైట్లలో, అంటే ఒక విడతలో పది కంటే తక్కువ పెద్ద పాములు కనిపించే చోట్ల, సంఖ్య పడిపోతోందని తేలింది. మొత్తం సైట్లలో పదింట తొమ్మిది వంతులు ఇలాంటివే. బాగా పాములున్న కొద్ది సైట్లలో మాత్రం సంఖ్య కాస్త పెరుగుతోంది. ఇదే ఒరవడి సాగితే 2032 నాటికి ఆ కొద్ది పెద్ద సైట్లలో తప్ప యాడర్ మిగలకపోవచ్చన్నది వాళ్ల అంచనా. ఈ సంగతి బయటపడింది జీతాలు తీసుకునే శాస్త్రవేత్తల సర్వేతో కాదు, సెలవు రోజు పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని వెళ్లిన మామూలు మనుషుల కాగితాలతో. మనుషుల, కుక్కల తాకిడే అన్నిటికంటే పెద్ద ఇబ్బంది అని ఎక్కువమంది రాసిందీ ఆ కాగితాల్లోనే.

ఇక రేకుల సంగతి. యాడర్‌కి రేకులు రెండో దారి, మొదటిది కళ్లు. నునుపు పాము (స్మూత్ స్నేక్), స్లో వర్మ్ (కాళ్లు లేని బల్లి) లాంటివి రేకుల కింద బాగా దొరుకుతాయి. యాడర్ మాత్రం వసంతంలో బయటే, పొద అంచున, ఎండలో పడుకుని ఉంటుంది. పైగా రేకు ఎత్తిన ప్రతిసారీ పామును కదిలించినట్టే. రేకు కనబడితే ఇక్కడ పాములున్నాయని దారిన పోయేవాళ్లకు చాటింపు వేసినట్టే. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. సర్రే, హ్యాంప్‌షైర్, డోర్సెట్ హీత్‌లలో నునుపు పాము, ఇసుక బల్లి ఉంటాయి. వాటిని పట్టుకోవడమే కాదు, కదిలించడం కూడా చట్టప్రకారం నేరం. అవి ఉండే చోట రేకులు వేసి ఎత్తి చూడాలంటే నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ ఇచ్చే లైసెన్సు ఉన్నవాళ్ల పేరు కింద చేయాలి. యాడర్‌కి ఉన్న రక్షణ వేరు. 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం ప్రకారం దాన్ని కావాలని చంపడం, గాయపరచడం, అమ్మడం నేరం. దూరంనుంచి చూసి లెక్కపెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. భూమి యజమాని అనుమతి మాత్రం కావాలి. కామన్‌లో (అందరూ తిరగగలిగే ఉమ్మడి బీడులో) అందరూ నడిచే దారి వదిలి పొదల్లోకి వెళ్లే ముందు ఆ కామన్ చూసుకునే రేంజర్‌కి ఒక ఈమెయిల్ పంపండి. ఆ ఒక్క ఈమెయిల్ వల్ల తర్వాత చాలా పనులు తేలికవుతాయి.

పాములు తక్కువగా ఉన్నాయని అనుమానం ఉన్న కొత్త చోట, అసలు యాడర్ ఉందో లేదో తేల్చుకోవడానికి రేకులు పనికొస్తాయి. అలా వేయాల్సివస్తే అర మీటరు వెడల్పు, అర మీటరు నుంచి మీటరు పొడవున్న ముడతల ఇనుప రేకు గానీ, పైకప్పులకు వేసే నల్లటి తారు షీటు గానీ తీసుకోండి. హెక్టారుకు ఐదు నుంచి పది చాలు. జనవరి చివర్లోనే వేసేయాలి, కింద గడ్డి అణిగి, నేల ఆరి, పాములకు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. పొద అంచున, ఎండ పడేచోట వేయండి, శీతనిద్ర గట్టు నోటి దగ్గర మాత్రం వద్దు. ప్రతి రేకుకీ నంబరు రాసి మ్యాపులో గుర్తుపెట్టుకోండి. ఎత్తేటప్పుడు మీకు అవతల ఉన్న అంచును పట్టి మీవైపు లేపాలి, అప్పుడు పాముకి మీకు దూరంగా పోయే దారి తెరుచుకుంటుంది, రేకు మీ కాళ్లకు అడ్డుగా ఉంటుంది. చేతికి మందపాటి తోలు గ్లోవ్ ఉండాలి, లేదా కొక్కెం కర్ర వాడాలి. కింద ఏదైనా ఉంటే అది పక్కకు జరిగేదాకా ఆగి, అప్పుడు మెల్లగా దించాలి. గభాలున వదిలేస్తే స్లో వర్మ్ తోక తెగుతుంది, పాము పిల్ల నలిగిపోతుంది. పశువులు మేసే చోట అంచులు పదునుగా ఉన్న రేకులు వేయకండి. సీజన్ అయ్యాక అన్నీ ఏరుకోండి. మర్చిపోయిన రేకులు పదేళ్లకు తుప్పుపట్టిన చెత్తయి, వాలంటీర్లంటేనే యజమానికి విసుగు పుట్టిస్తాయి.

అసలు పని ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఇంగ్లండ్ దక్షిణాన మగ పాములు ఫిబ్రవరి రెండో సగం నుంచి బయటికొస్తాయి. స్కాట్లండ్‌లో ఇంకాస్త ఆలస్యం. ఆడవి కొన్ని వారాలు వెనక, మార్చి చివరికి కనిపిస్తాయి. మగవి ఇంత ముందు రావడానికి కారణం ఉంది. అవి నెలకు పైగా తిండి లేకుండా ఎండ కాచుకుంటేనే వీర్యం సిద్ధమవుతుంది. ఏప్రిల్‌లో కుబుసం విడుస్తాయి. ఆ తర్వాతే ఆడవాటి కోసం వెతుక్కుంటూ తిరగడం, రెండు మగవి ఒకదానికొకటి పెనవేసుకుని తలపడటం మొదలవుతాయి. మే నెలలో మగవీ, ఆ ఏడు పిల్లలు పెట్టని ఆడవీ వేసవి మేతకు చెదిరిపోతాయి, కిలోమీటరు పైనే పోయేవి ఉంటాయి. కడుపుతో ఉన్న ఆడవి ఎండ పడే చోటు వదలకుండా ఆగస్టు, సెప్టెంబరు దాకా ఉండి పిల్లల్ని కంటాయి. యాడర్ గుడ్లు పెట్టదు. కాబట్టి మీ లెక్కకు బలమైన కాలం ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా. అప్పుడు పాములు గట్టు దగ్గరే ఉంటాయి, గడ్డి ఇంకా ఎదగలేదు, అడవి ఫెర్న్ నిరుటి ఎండుటాకులుగా నేలమీద పడి ఉంటుంది. మే నెలలో అదే చోటికి వెళ్తే అవే పాములు అక్కడే ఉన్నా కంటికి కనిపించవు.

రోజును ఎంచుకోవడంలోనే సగం సర్వే ఉంది. గాలి తక్కువగా, ఎండ ఉండాలి. మార్చిలో నీడలో ఉష్ణోగ్రత 8 నుంచి 14 డిగ్రీలుంటే చాలా బాగుంటుంది. రెండు మూడు రోజులు వానో చలో పడి, తర్వాత తెరిపిచ్చిన మొదటి పొద్దున్న అన్నిటికంటే మంచిది. అప్పుడు అన్నీ ఒకేసారి బయటికి వస్తాయి, ఎక్కువసేపు పడుకుంటాయి. మార్చిలో తొమ్మిదిన్నర నుంచి పన్నెండు మధ్య వెళ్లండి. ఏప్రిల్ చివర్లో నీడలోనే 16 డిగ్రీలు దాటే రోజుల్లో ఎనిమిదిన్నరకే మొదలుపెట్టాలి. ఎండ బాగా కాసే వెచ్చటి రోజున పాము పదీ ఇరవై నిమిషాల్లో వేడెక్కి పొదలోకి పోతుంది, పదకొండింటికి వెళ్తే ఏమీ దొరకదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తమకు హాయిగా ఉన్న ఎండ పాముకీ మంచిదనుకుని మధ్యాహ్నం వెళ్లి, సున్నా రాసుకుని, ఇక్కడ పాములు లేవని తీర్మానిస్తారు. మబ్బూ ఎండా దోబూచులాడే రోజు చిరాగ్గా ఉంటుంది గానీ సర్వేకి అదే అదను. పాము త్వరగా వేడెక్కలేక బయటే ఉండిపోతుంది.

నడక గురించి. గట్టు వెంట దక్షిణం లేదా ఆగ్నేయం చూసే వైపున, పొద అంచుకు మూడు నాలుగు మీటర్ల దూరంలో నడవండి. పది మీటర్లకు ఒకటి రెండు నిమిషాలు పట్టేంత నెమ్మదిగా వెళ్లాలి. అడుగు మెత్తగా వేయండి, మాటలకంటే నేల అదురు దానికి ముందు తెలుస్తుంది. చూపు మీ కాళ్ల దగ్గర కాదు, నాలుగైదు మీటర్ల ముందు ఉండాలి. సూర్యుడు పక్కనో వెనకో ఉండేలా చూసుకోండి, మీ నీడ మాత్రం ముందు పొదమీద పడకూడదు. నీడ పడితే పాము క్షణంలో మాయమవుతుంది. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతూ, రెండు మీటర్ల దగ్గరి వస్తువుకీ ఫోకస్ అయ్యే బైనాక్యులర్ కొనుక్కోండి. పక్షుల కోసం కొన్న పాత బైనాక్యులర్లు చాలావరకు ఐదారు మీటర్ల లోపల ఫోకస్ కావు, వాటితో ఈ పని సాగదు.

మొదటి పాము కనబడటమే కష్టం. దాని ఆకారం కోసం వెతికితే దొరకదు. ఎండుటాకుల మధ్య చెదరని, పొందికైన ఒక వంపు కోసం చూడండి. చలి పొద్దున యాడర్ పక్కటెముకలు విప్పుకుని ఒళ్లు పలచగా పరుచుకుంటుంది, అలా చుట్టుకున్న పాము నేలకు అతికించినట్టు ఉంటుంది. ఎండిన ఫెర్న్ ఆకు నీడలో వీపుమీది గీత కలిసిపోతుంది. తల చాలాసార్లు చుట్ట పైన, పక్కకు వాలి ఉంటుంది. ముందు ఎర్రటి కన్ను కంటపడుతుంది, అందులో నిలువు గీత లాంటి కనుపాప కనిపిస్తుంది. ఒక పాము దొరికిన చోట రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడి చుట్టూ చూడండి. మార్చిలో మగవి ఒకదానిమీద ఒకటి పడుకుని ఉండటం మామూలే, ఒక చుట్ట అనుకున్నదాంట్లో రెండు తలలు తేలొచ్చు.

ఆడా మగా తేడా రాయాలి, ఎందుకంటే ఆడవాటి సంఖ్యే ఆ సైటు భవిష్యత్తు. మగది బూడిద లేదా తెలుపు ఒంటిమీద నల్లటి వంకర గీతతో, ఆడది గోధుమ లేదా ఎర్రమట్టి రంగు మీద ముదురు గోధుమ గీతతో ఉంటుందని అన్ని చోట్లా రాస్తారు. అది కుబుసం విడిచాక మాట. మార్చిలో పాత పొరలో ఉన్న మగది మట్టి కొట్టుకుపోయి గోధుమగానే కనిపిస్తుంది, దాన్ని ఆడదని రాయడం చాలా మామూలుగా జరిగే తప్పు. తోక చూడండి. మగదానికి ఒంటినుంచి తోకలోకి సన్నబడటం క్రమంగా ఉంటుంది, తోక పొడుగు. ఆడదానికి ఒళ్లు ఉన్నట్టుండి సన్నబడి పొట్టి తోకవుతుంది. తోక కనబడలేదంటే ‘తెలియదు’ గడిలో రాయండి. ఊహించి రాసిన ఆడ పాము కంటే నిజాయతీగా రాసిన ‘తెలియదు’ మేలు. 30 సెంటీమీటర్ల లోపువి పిల్లల గడిలోకి వెళ్తాయి, అవి ఆడైనా మగైనా ఎక్కువగా ఎర్రగోధుమ రంగులోనే ఉంటాయి. ఒళ్లంతా నల్లటి యాడర్లు కూడా ఉంటాయి, ఆశ్చర్యపోకండి. మెడకు పసుపు పట్టీ, గుండ్రటి కనుపాప ఉంటే గడ్డి పాము. వీపు మీద చుక్కల జంటలు, కంటి పక్కగా నల్లటి చార, గుండ్రటి కనుపాప ఉంటే నునుపు పాము. రెప్ప ఆర్పిందంటే అది పామే కాదు, స్లో వర్మ్.

సీజన్‌లో కనీసం మూడుసార్లు, వీలైతే ఐదారుసార్లు, అదే దారిలో వెళ్లండి. ఒక్కో విడతకు తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రెండింటి దగ్గరా నీడలో ఉష్ణోగ్రత, మబ్బు ఎంత శాతం, గాలి ఎలా ఉంది, మగ, ఆడ, తెలియని, పిల్ల అని నాలుగు సంఖ్యలు రాయండి. చివర్లో విడతల సంఖ్యల్ని కూడకండి. నిన్న చూసిన పామునే ఇవాళ మళ్లీ చూస్తారు కాబట్టి కూడితే ఐదు పాములు ఇరవై అవుతాయి. ఒక్క విడతలో కనబడిన అత్యధిక సంఖ్యే ఆ ఏటి లెక్క. ఎంత మంచి రోజైనా ఉన్న పాముల్లో కొన్నే కంటపడతాయి. కాబట్టి ఈ సంఖ్య జనాభా కాదు, ఏడాదికీ ఏడాదికీ పోల్చుకునే కొలబద్ద మాత్రమే. అందుకే దారి మారకూడదు, వెళ్లే గంటలు మారకూడదు. మనిషి మారితే మొదటి ఏడు పాత మనిషితో కలిసి నడవాలి, లేకపోతే కళ్లలో తేడా పాముల్లో తేడాగా కాగితంలోకి ఎక్కుతుంది. మంచి రోజు వెళ్లి ఏమీ కనబడకపోతే ఆ సున్నా కూడా పంపండి. సున్నాలు పంపకపోవడం వల్ల పాములు పోయిన సైట్లు కాగితంలో ఏళ్లకొద్దీ బతికే ఉంటాయి.

చోటు రాయడానికి ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ మ్యాపుల సంస్థ) గ్రిడ్ రిఫరెన్స్ వాడండి. రెండు అక్షరాలు, ఆరంకెలు ఇస్తే వంద మీటర్ల చదరం తెలుస్తుంది, ఎనిమిదంకెలు ఇస్తే పది మీటర్లది. శీతనిద్ర గట్టుకు ఎనిమిదంకెలు ఉండాల్సిందే. వంద మీటర్ల చదరంలో ఎక్కడో అంటే యంత్రం నడిపేవాడికి ఏమీ చెప్పనట్టే. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు అటూఇటూ పోతుంది. కాబట్టి గట్టు రెండు చివర్లా వేరువేరుగా గుర్తు తీసుకుని, ఒక చేతి మ్యాపు కూడా గీయండి.

ఫోటోలు పనికొస్తాయి, కానీ దగ్గరికి వెళ్లి తీయకూడదు. యాడర్ తలమీద పెద్ద పొలుసుల అమరిక, వాటి వెనక ముదురు గుర్తు ఒక్కో పాముకి ఒక్కోలా ఉంటాయి. తల పైనుంచీ పక్కనుంచీ స్పష్టంగా ఒక్కో ఫోటో ఉంటే ఏళ్ల తరవాత కూడా అదే పామని గుర్తుపట్టొచ్చు, పట్టుకోవాల్సిన అవసరమే లేదు. ఎక్కువ జూమ్ ఉన్న కెమెరాతో మూడు నాలుగు మీటర్ల దూరంనుంచి తీయండి. ఫోన్ పట్టుకుని వంగితే పాము పొదలోకి పోతుంది. ఒక్కసారి పోతే కాసేపటికి తిరిగొస్తుంది. రోజూ ఎవరో ఒకరు తరిమితే ఆ చోటే వదిలేస్తుంది, తక్కువ ఎండ పడే చోటికి చేరుతుంది. ఫోటో కోసం ముందున్న గడ్డిపరకల్ని తొలగించడం ఇంకా పెద్ద హాని, ఆ పరకలే దానికి గద్దనుంచి చాటు. ఫోటోను సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు అందులో దాగి ఉండే లొకేషన్ తీసేయండి, సైటు పేరు రాయకండి. వెనక కనిపించే కంచె, గేటు చూసి కూడా చోటు పట్టేసేవాళ్లున్నారు.

ఇప్పుడు లెక్క ఎవరికి చేరాలన్న సంగతి. ఏఆర్‌జీ యూకే, యాంఫీబియన్ అండ్ రెప్టైల్ కన్జర్వేషన్ ట్రస్ట్ కలిసి నడిపే ‘రికార్డ్ పూల్’ అనే ఆన్‌లైన్ రికార్డుల ఖాతాలో ఎక్కించొచ్చు. మీ కౌంటీ గ్రూప్‌లో రికార్డులు చూసుకునే రికార్డర్‌కీ వెళ్లాలి, ఆయన కౌంటీ రికార్డుల కేంద్రానికి పంపుతారు. ఇవన్నీ అవసరమే, కానీ గట్టును కాపాడేది మాత్రం భూమి చూసుకునే మనిషి గోడమీది మ్యాపు. ఆ మ్యాపు మీద ఎర్రగీత గీయించాలి, సెప్టెంబరు లోపే. ఎందుకంటే పక్షులు గూళ్లు పెట్టే మార్చి నుంచి ఆగస్టు దాకా పొదలు కొట్టరు, పనులన్నీ చలికాలానికి పెట్టుకుంటారు. కాంట్రాక్టరుతో మాటలు సెప్టెంబరు, అక్టోబరుల్లో అయిపోతాయి. మీరు జనవరిలో మ్యాపు తీసుకెళ్తే ఒప్పందం కుదిరిపోయి ఉంటుంది.

ఆ ఎర్రగీత లోపల ఏం అడగాలో స్పష్టంగా అడగండి. బరువైన యంత్రాలు ఎక్కకూడదు, ఎక్కితే కింద బొరియలు కూలి లోపలి పాములు సమాధి అవుతాయి. మొద్దులు పెకలించకూడదు, వేళ్ల సందుల్లోనే అవి పడుకుని ఉంటాయి, చెట్టు కొట్టి మొద్దు వదిలేయాలి. నరికిన కొమ్మల్ని గట్టుమీద కాల్చకూడదు. పనులన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం లోపు ముగియాలి. ఫిబ్రవరి ఆఖర్లో బడ్జెట్ మిగిలిందని యంత్రం దింపడం అన్నిటికంటే ప్రమాదం, అప్పటికి మగవి బయట ఉంటాయి. వేసవిలో గడ్డి కోయాల్సివస్తే బ్లేడు 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

అలాగని ఏమీ చేయకుండా వదిలేయమనడం కూడా తప్పు. ఎవరూ ముట్టుకోని గట్టుమీద బర్చ్, పైన్ మొక్కలు కొన్నేళ్లలో ఎదిగి ఎండను మింగేస్తాయి. ఎండ పోతే పాములు పోతాయి. దక్షిణం వైపు మొక్కల్ని చేత్తో, చిన్న చిన్న మడుల్లా, ఒక చలికాలం కొంచెం చొప్పున తీయాలి. ఉత్తరం వైపు చెట్లు ఉంచేయాలి, చలిగాలికి అవే అడ్డు. గోర్స్ (పసుపు పూల ముళ్లపొద), ముళ్లకంపల అంచు వంకరటింకరగా ఉంటే ప్రతి వంపులోనూ గాలి తగలని, ఎండ పడే మూల దొరుకుతుంది. ఒకే చలికాలంలో మొత్తం శుభ్రం చేసేస్తే గద్దలకూ కాకులకూ విందు పెట్టినట్టే. మనుషుల తాకిడికి బోర్డులకంటే కొమ్మల అడ్డు బాగా పనిచేస్తుంది. దారికీ గట్టుకీ మధ్య నరికిన కొమ్మల్ని నడుమెత్తు వరసగా పేరిస్తే అడ్డదారి మూసుకుపోతుంది, కుక్కలు గట్టు ఎక్కవు, పాములకు అదనపు చాటు దొరుకుతుంది. ఇక్కడ యాడర్లున్నాయన్న బోర్డు గట్టు దగ్గర కాదు, కార్ పార్కింగ్ దగ్గర పెట్టించండి. మంటల భయం కూడా రేంజర్‌తో మాట్లాడండి. బ్రిటన్ సరీసృపాలు ఆరు జాతులూ ఉండే థర్స్‌లీ కామన్ 2006 జూలైలో ఒకసారి, 2020 మే చివర్లో మరోసారి భారీగా కాలింది. కాలిన చోట మిగిలిన పచ్చటి ముక్కలే బతికిన పాములకు దిక్కు, వాటిని ఆ ఏడు ముట్టుకోకూడదు.

రోడ్లూ ఇళ్లూ చుట్టుముట్టిన చిన్న సైట్లలో ఇంకో దెబ్బ ఉంది. దగ్గరి బంధుత్వంలోనే జత కట్టడం. స్వీడన్ దక్షిణ తీరంలో స్మిగెహుక్ అనే చోట ఇలా చిక్కుకుపోయిన యాడర్లకు చనిపోయిన పిల్లలు ఎక్కువగా పుట్టేవి. థామస్ మాడ్సెన్ బృందం 1992లో వేరే చోటినుంచి 20 మగ పాముల్ని తెచ్చి వదిలింది. కొన్నేళ్లకు పిల్లలు ఆరోగ్యంగా పుట్టి సంఖ్య బాగా పెరిగింది. ఇది చదివి చాలామందికి ఒక పామును సంచిలో వేసుకుని పక్క హీత్‌లో వదిలేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. తెలియని చోట వదిలిన పాము శీతనిద్ర గట్టు దొరక్క తిరిగి తిరిగి చచ్చిపోవచ్చు, దాంతోపాటు రోగాలూ వెళ్తాయి. పాముల చర్మానికి పట్టే ఓఫిడియోమైసిస్ అనే శిలీంధ్రం బ్రిటన్ అడవి పాముల్లోనూ ఉందని 2017లో తేలింది. పొలుసులు గట్టిపడి పెచ్చులు కట్టడం, తలమీద వాపు, పుండ్లు కనబడితే ఫోటో తీసి, లండన్ జువలాజికల్ సొసైటీ వాళ్ల ‘గార్డెన్ వైల్డ్‌లైఫ్ హెల్త్’కి పంపండి. చచ్చిన పాము దొరికినా అక్కడికే. చచ్చిన పాము కోరకూ విషం ఉంటుంది, వట్టి చేత్తో ముట్టకండి. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి వెళ్లే ముందు బూట్ల మట్టి బ్రష్‌తో దులిపి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిపి కడగండి.

మీ ఇంట్లోవాళ్ల భయం గురించి కూడా రాశారు. రక్తపింజర పేరు వింటూ పెరిగినవాళ్లకు అదే కుటుంబానికి చెందిన యాడర్ అంటే ఒళ్లు జలదరించడం సహజం. అయితే బ్రిటన్‌లో 1876 నుంచి యాడర్ కాటుతో చనిపోయినవాళ్లు 14 మంది అని నమోదైంది, ఆఖరి మరణం 1975లో. కాట్లలో చాలా భాగం పామును చేత్తో పట్టుకున్నవాళ్లకే పడతాయి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఇళ్లలోకొచ్చిన పాముల్ని పట్టి అడవిలో వదలడం చూసి, సర్వే అంటే అదే నేర్పు కావాలేమో అనుకుంటారు. ఇక్కడ పాముకీ మనకీ మధ్య మూడు మీటర్లు తగ్గకుండా చూసుకోవడమే నేర్పు. మడమ పైకొచ్చే తోలు బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకోండి, చూడకుండా కూర్చోకండి, చెయ్యి పెట్టకండి. కాటు పడితే ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 999కి (బ్రిటన్ అత్యవసర నంబరు) ఫోన్ చేయాలి. కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. వాచే అవకాశం ఉంది కాబట్టి ఉంగరం, వాచీ తీసేయండి. విరుగుడు మందు ఆసుపత్రుల్లో ఉంటుంది.

నిజానికి హీత్‌లలో మీరు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పిడుదుల గురించి. లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, నడుము దగ్గర వెతకండి. పిడుదుల్ని తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం మందుల షాపుల్లో దొరుకుతుంది, దాంతో చర్మానికి ఆనించి తీయాలి, గిల్లకూడదు. వారాల తరవాత అక్కడ ఎర్రటి వలయం విస్తరిస్తే జీపీ (మీ పేరు నమోదైన స్థానిక డాక్టర్) దగ్గరికి వెళ్లి, పిడుదు కరిచిన సంగతి చెప్పండి.

కొత్త సంవత్సరం రాగానే సర్రే గ్రూప్‌కి ఈమెయిల్ పంపి, ఫిబ్రవరిలో జరిగే శిక్షణ నడకల్లో పేరు రాయించుకోండి. మొదటి ఏడు కొత్త సైటు ఏదీ మొదలుపెట్టకండి, ఇప్పటికే లెక్క నడుస్తున్న సైటులో పాతవాళ్ల వెనక నడవండి. చాలా పాత సైట్లకు చూసేవాళ్లు లేక లెక్కలు మధ్యలో ఆగిపోయాయి. అలా ఆగిన సైటు ఒకటి ఇమ్మని గ్రూప్ కోఆర్డినేటర్‌ని అడిగితే, పాత మ్యాపూ, పాత కాగితాలూ ఇచ్చి గట్టు ఎక్కడుందో చూపిస్తారు.